రెండు మెట్ల కింది శ్రుతి

మొన్న శనివారం ఉదయం పదీ నలభై రెండుకు గుడివాడలో కరెంటు పోయింది. ముందుగదిలో కూర్చుని నేను ఒక ఫ్రెంచి ఒపెరా వింటున్నాను. కథంతా పాటగా నడిచే నాటకం అది. దాని వయసు రెండున్నర శతాబ్దాల పైమాటే. తలపైన ఫ్యాను వేగం తగ్గింది, దాని మోత కొంచెం కొంచెంగా కిందికి దిగి ఎక్కడో ఆగిపోయింది. పాట మాత్రం దిగలేదు. ఫోనులోంచి చిన్న స్పీకరులోకి వస్తోంది, రెండూ బ్యాటరీ మీద నడిచేవే. అయినా నా చేయి నాకు తెలియకుండానే ముందుకు వెళ్లింది, టేపు ఆపడానికి. అక్కడ నొక్కడానికి మీటలేమీ లేవు. చేయి వెనక్కు తీసుకుని, ఆ ఉక్కలోనే మిగతా అంకమంతా విన్నాను.

కరెంటు తగ్గితే టేపు సాగుతుంది, సాగిన టేపు విని ఎవరి గురించీ ఏమీ అనకూడదు. ఈ నియమం నాకు దయామణి టీచరుగారి దగ్గర అలవాటైంది. ఆవిడ పోయి ఏడాదిన్నర దాటింది. ఈ కొత్త రికార్డింగు మీద సమీక్ష రాసిమ్మని ఒక వెబ్ పత్రికవాళ్లు నన్ను అడిగారు. ఇదే ఒపెరాను వేరేవాళ్లు పాడినప్పుడు, ముప్పై ఏళ్ల కిందట, ఆవిడ సమీక్షించారు. అందులో ఒక తప్పు జరిగింది. ఆ తప్పులో సగం నాది. అది చెప్పకుండా కొత్తదాని గురించి రాయడం నాకు చేతకావడం లేదు. అందుకని ముందు ఇది రాస్తున్నాను.

ఆవిడను చూడనివాళ్ల కోసం కొంత చెప్పాలి. దయామణి గారిది కృత్తివెన్ను వైపు పల్లె. తండ్రి పొలం పనులు చేసుకుంటూ ఊరి చర్చిలో గంట కొట్టేవాడు. ఆవిడ బందరులో మిషను బోర్డింగులో చదువుకుని, ఆడపిల్లల బళ్లలో లెక్కలూ పాటా చెప్పి, బందరులోనే రిటైరయ్యారు. పెళ్లి చేసుకోలేదు. ఎందుకని ఎవరైనా అడిగితే "ఖాళీ దొరకలేదు" అనేవారు. ఫ్రెంచిపేటలో రెండు గదులు, ఒక వసారా ఉన్న ఇల్లు. ఒకప్పుడు ఫ్రెంచివాళ్ల గిడ్డంగులు ఆ చుట్టుపక్కలే ఉండేవట. పేరు తప్ప వాళ్లదేమీ అక్కడ మిగల్లేదు. ఈ పాటలు వాళ్ల రాజుగారి కొలువులో కొత్తగా పాడుతున్న రోజుల్లోనే వాళ్ల ఓడలు బందరు రేవులో ఆగి ఉండేవన్న ఆలోచన ఆవిడకు ఇష్టం. "ఎవడో ఒక ఓడవాడు దీన్ని ఈల వేసుకుంటూ మన వీధిలో నడిచి ఉంటాడు పద్మా" అనేవారు. అలా అన్నాక కాసేపు వీధి వైపు చూసేవారు. నేనూ చూసేదాన్ని. ఎండలో సైకిళ్లు వెళ్తుండేవి.

ఆవిడ పేరు రెండు చోట్ల తెలుసు. దివిసీమ నుంచి ముదినేపల్లి దాకా ఉన్న చర్చిల క్వయర్లకు ఏటా పాటల పోటీ జరిగేది. దానికి చాలా ఏళ్లు మార్కులు వేసింది ఆవిడే. చేతిసంచీలో ఎప్పుడూ ట్యూనింగ్ ఫోర్కు ఉండేది. రెండు పళ్ల ఉక్కు ముక్క అది. మోకాలికి కొట్టి చెవి దగ్గర పెట్టుకుంటే ఒకే ఒక స్వరం వినిపిస్తుంది, ఎండాకాలమైనా వానాకాలమైనా అదే స్వరం. రెండో చోటు మద్రాసు. పాశ్చాత్య సంగీతం వినేవాళ్లు కొందరు కలిసి అక్కడి నుంచి మూడు నెలలకోసారి ఒక సన్నటి పత్రిక వేసుకునేవారు. సంపాదకుడు కొత్త రికార్డింగులను క్యాసెట్ల మీదకు ఎక్కించి పోస్టులో పంపేవాడు. ఆవిడ విని, ఇంగ్లీషులో సమీక్ష రాసి, క్యాసెట్లతో కలిపి తిప్పి పంపేవారు.

నేను అప్పుడు గుడివాడలో ఒక కాలేజీలో ఇంగ్లీషు చెప్పేదాన్ని. ఇరవయ్యారేళ్లు. హైదరాబాదులో చదువుకున్నప్పుడు రెండేళ్లు ఫ్రెంచి నేర్చుకున్నాను, ఎందుకు పనికొస్తుందో తెలియకుండానే. మా కాలేజీలో ఆవిడ పాత విద్యార్థిని ఒకామె ఉండేది. ఆమె ఈ సంగతి ఆవిడ చెవిన వేసింది. వారం తిరక్కుండా నాకు కార్డు వచ్చింది. "మీకు ఫ్రెంచి వచ్చని విన్నాను. నాకు పాట వచ్చు. శనివారం వస్తే ఇద్దరం కలిసి ఒక మనిషవుతాం. భోజనం ఇక్కడే."

మాది తరాలుగా గుమాస్తాలు, బడిపంతుళ్లు ఉన్న ఇల్లు. "అక్కడ ఏం తింటావే?" అని మా అమ్మ మొదటిసారి అడిగింది. "పప్పు" అన్నాను, ఏదో ఒకటి అనాలి గనక. నిజంగానే ఆవిడ ప్రతి శనివారం పప్పే వండేవారు. నాకోసమని ఎప్పుడూ అనలేదు. పొద్దున ప్యాసింజరులో బందరు వెళ్లి మధ్యాహ్నం బండికి తిరిగి వచ్చేదాన్ని. అలా ఆరేళ్లు తిరిగాను.

ఆవిడ వినే పద్ధతి ఒకటుంది. ఏ రికార్డింగైనా మూడుసార్లు వినాలి. మొదటిసారి కథేమిటో, పాడేదెవరో తెలుసుకోకుండా. రెండోసారి మాటల పుస్తకం చూసుకుంటూ. నేను పనికొచ్చేది అప్పుడే, వాక్యం వాక్యం చదివి అర్థం చెప్పేదాన్ని. మూడోసారి చేతికి పని పెట్టుకుని వినాలి. ముందు చేట పెట్టుకుని చింతపండు గింజలు తీస్తూ కూర్చునేవారు. "చెవి అబద్ధాలాడుతుంది. పుస్తకంలో చదివింది విన్నాననుకుంటుంది. చేయి అలా కాదు" అనేవారు. ఎక్కడ ఆవిడ చేయి ఆగిపోతే అక్కడ టేపురికార్డరు మీద తిరిగే అంకె ఎంతో నేను కాగితం మీద రాయాలి. ఆ అంకెల నుంచే సమీక్ష పుట్టేది. ఒక పేరున్న జర్మను వాద్యబృందాన్ని విన్నప్పుడు ఆ చేయి ఒక్కసారీ ఆగలేదు. టేపు అయిపోయాక చేట పక్కకు జరిపి, "పోనీలే, యేడాదికి సరిపడా చింతపండు అయింది" అన్నారు.

ఫ్రెంచి పాటలో మన గమకాల్లాంటి చిన్న చిన్న విరుపులూ వణుకులూ అడుగడుగునా ఉంటాయి. వాటిలో ఏది మంచిదో ఎలా తెలుస్తుందని ఒకసారి అడిగాను.

"తీసేసి చూడు. ఏమీ పడిపోకపోతే అది నగ."

"పడిపోతే?"

"అప్పుడది దూలం."

నా రాతలో ఎక్కడైనా ఒక విశేషణం రాసి కొట్టేస్తే, ఆ కొట్టివేత ఆవిడదే.

ఆ ఒపెరా మూడు క్యాసెట్లలో వచ్చింది, మాటల పుస్తకం జిరాక్సు ప్రతితో పాటు. కథ పెద్దదేమీ కాదు. సముద్రం ఒడ్డున ఒక రాజ్యం. యుద్ధం నుంచి ఓడల్లో తిరిగొస్తున్న రాజు మీద సముద్రదేవుడికి కోపం వస్తుంది. మూడో అంకంలో తుఫాను. నాలుగో అంకం మొదట్లో రాణి ఒడ్డున ఒక్కతీ నిలబడి పాడుతుంది. మిగతాది దేవతల రాకపోకలు, నాట్యాలు, ఫ్రెంచి రాజుగారికి పొగడ్తలు. టేపు పెట్టగానే, అలవాటు కొద్దీ, ఆవిడ ఫోర్కు మోకాలికి కొట్టి చెవి దగ్గర పెట్టుకున్నారు. మొహం చిట్లించారు.

"ఓల్టేజి ఎంతుందో చూడు."

స్టెబిలైజరు ముల్లు ఉండాల్సిన చోటే ఉంది. ఆ మాటే చెప్పాను.

"అయితే మద్రాసులోనే తగ్గి ఉంటుంది. ఎక్కించేటప్పుడు రికార్డు నెమ్మదిగా తిరిగి ఉంటుంది, చూసుకోలేదు మహానుభావుడు."

పాట ఆవిడ ఫోర్కు కంటే ఒక స్వరం కిందకు ఉంది. హార్మోనియం మీద తెల్లవీ నల్లవీ కలిపి రెండు మెట్లు. మా ఊళ్లలో పెరిగిన ఎవరైనా ఆవిడ అనుకున్నదే అనుకుంటారు. సాయంత్రాలు ఊరంతా లైట్లు వేసేసరికి పెళ్లివారి మైకులో పాట జారిపోవడం మాకు చిన్నప్పటి నుంచి తెలుసు. పాట కిందికి దిగిందంటే కరెంటు తగ్గింది. దానికి ఇంకో కారణం ఉంటుందని మాకు తట్టదు. ఆవిడ టేపురికార్డరు వెనక మూత విప్పి, మోటారు మీద సన్నటి రంధ్రంలో ఉన్న స్క్రూను కొంచెం కొంచెంగా తిప్పారు. పాట వేగం పెరిగి, పైకెక్కి, ఫోర్కుతో కలిసింది. "ఇదిగో, ఇప్పుడు మనిషి గొంతులా ఉంది" అన్నారు.

మా పెద్దమ్మ పాడేది. ఉబ్బసం వచ్చాక తంబురా బాగా కిందకు పెట్టుకుని పాడేది. తప్పని ఇంట్లో ఎవరూ అనలేదు, ఎవరి శ్రుతి వారిదే కదా. ఆ ఇంట్లో పెరిగిన నేను ఆ రోజు ఆవిడ పక్కన కూర్చుని ఒక్క మాట అనలేదు.

ఇంకొకటి కూడా జరిగింది. మాటల పుస్తకం చివర సన్న అక్షరాల్లో రెండు పేజీలున్నాయి. "ఇందులో ఏముంది?" అని అడిగారు. "వాద్యాల గురించండి. ఏది ఎక్కడ చేయించారో రాసినట్టున్నారు. పాటతో సంబంధం లేదు" అన్నాను. నేను అది చదవలేదు. మొదటి రెండు వరుసలు చూసి ఊహించాను. బండికి టైమవుతోంది.

మూడోసారి విన్నప్పుడు చింతపండు ఆగకుండా సాగింది. రాణి గొంతు సన్నగా, ఎవరో వెనక తరుముతున్నట్టుగా ఉంది. తుఫాను దగ్గర ఆవిడ చేయి ఆగింది, అదీ కోపంతో. "గాలి ఇంత చప్పుడు చేసుకుంటూ రాదు. ముందు పక్షులు పోతాయి. తర్వాత కాసేపు ఏమీ ఉండదు. ఆ ఏమీ లేకపోవడం వీళ్లకు తెలియదు." ఉప్పెన వచ్చిన యేడు ఆవిడ అవనిగడ్డలో టీచరు. దాని గురించి నేను ఆవిడ నోట విన్నది అంతవరకే.

సమీక్ష కఠినంగా వచ్చింది. రికార్డింగు ఉండాల్సిన వేగంలో లేదని, సరిచేసుకుని విన్నా రాణి పాత్ర పాడినామెకు "దుఃఖం కంటే తొందర ఎక్కువ" అని రాశారు. ఆ మాట పత్రికలో చాలామందికి నచ్చిందట. నాకూ నచ్చింది. క్యాసెట్లు మద్రాసు తిరిగి వెళ్లిపోయాయి. జిరాక్సు కాగితాలు మాత్రం నా సంచీలో ఉండిపోయాయి.

సమీక్ష అచ్చయిన కొన్ని వారాలకు, ఒక శనివారం తిరుగు ప్రయాణంలో, ఎదురు బండి కోసం మా ప్యాసింజరును గుడ్లవల్లేరులో ఆపేశారు. చదవడానికి ఇంకేమీ లేక ఆ రెండు పేజీలు తీశాను. మూడో పేరాలో ఉంది. ఆ కాలంలో ఫ్రాన్సు ఒపెరాల్లో శ్రుతి ఇప్పటికంటే ఒక పూర్తి స్వరం కింద ఉండేదట. ఈ రికార్డింగు కోసం పిల్లనగ్రోవులూ మిగతా వాద్యాలూ అన్నీ ఆ శ్రుతికే చేయించారట. పాడేవాళ్లు ఆ శ్రుతి గొంతులో కుదురుకునేదాకా నెలల తరబడి సాధన చేశారట. కిటికీలోంచి చూస్తే కోసిన చేలల్లో కొంగలు నిలబడి ఉన్నాయి. బండి కదలదు. దిగి వెనక్కు వెళ్లాలా, ఇంటికి వెళ్లాలా అని ఆలోచిస్తూ కూర్చున్నాను. ఎదురు బండి వచ్చింది, వెళ్లింది. నేను ఇంటికే వెళ్లాను.

వారమంతా ఆ సంగతి నాలోనే పెట్టుకున్నాను. మద్రాసు సంపాదకుడికి ఫ్రెంచి రాదు. ఆ పేజీలు చదివినది బహుశా నేనొక్కదాన్నే. చెప్పకపోతే ఎవరికీ తెలిసేది కాదు. చెబితే పోయేది ఏమిటో కూడా నాకు తెలుసు. ఆవిడకు డబ్బూ పదవీ లేవు, ఉన్నది ఆ చెవి మీద జనానికి ఉన్న నమ్మకం. అది తప్పు విందని ఆవిడకు నేనే చెప్పాలి, అది కూడా నా బద్ధకం వల్ల.

శనివారం వెళ్లి, చెప్పులు విప్పకముందే చెప్పేశాను. కాగితాలు తీసి చదివి అర్థం చెప్పాను. ఆవిడ ఇంకోసారి చదవమన్నారు. చదివాను.

"నేను ఆ రోజు చదవలేదండి. చదివినట్టు చెప్పాను."

"నువ్వు చదవలేదు. నేను గుచ్చి అడగలేదు. సరిపోయింది." కాగితాలు మడిచి నా చేతికిచ్చి, "పప్పు చల్లారిపోతుంది, రా" అన్నారు.

ఆ మధ్యాహ్నమే సంపాదకుడికి ఉత్తరం రాశారు. "నేను తప్పుగా విన్నాను, ఆ క్యాసెట్లు మళ్లీ పంపండి." అంతే. క్యాసెట్లు రావడానికి మూడు వారాలు పట్టింది. అవి వచ్చేలోపే ఆవిడ స్క్రూను పాత చోటికి తిప్పి ఉంచారు. నాలుగో అంకం పెట్టాం. అదే గొంతు, అవే మాటలు. కానీ ఇప్పుడు ఆ రాణి ఎక్కడికీ పరుగెత్తడం లేదు. తడి ఇసుకలో పాదాలు కొంచెం దిగి నిలబడ్డ మనిషిలా ఉంది. ప్రతి వాక్యం చివర గొంతు కిందికి వెళ్లి, అక్కడ చోటు ఉందో లేదో చూసుకుని, ఆగుతోంది. చింతపండు చేతిలో ఉండగానే ఆవిడ చేయి ఆగిపోయింది. అంకె రాశాను. చేయి మళ్లీ కదలలేదు. పాట అయిపోయింది, టేపు ఉత్తగా తిరుగుతూ ఉంది, వసారాలో ఎండ గడప దాకా వచ్చింది.

"ఇలాంటిది ఇది మొదటిది కాదు పద్మా" అన్నారు చివరకు.

ఉప్పెన తర్వాత నాలుగో యేడు పోటీకి దివిసీమ నుంచి, నాగాయలంక అవతల ఒక ఊరి క్వయర్ వచ్చిందట. వాయిద్యం ఏమీ లేదు. ముందు నిలబడి పాట ఎత్తినామె పేరు మార్తమ్మ. ఫోర్కు కొట్టి చూస్తే వాళ్ల శ్రుతి రెండు మెట్లు కింద ఉంది. ఆవిడ "శ్రుతి తగ్గింది" అని రాసి మార్కులు కోసేశారు. ఆ మాట మైకులో చదివారు. ఆ తర్వాత ఆ ఊరు పోటీకి రాలేదు. "జారితే తప్పు. వాళ్లు జారలేదు. ఎక్కడ మొదలెట్టారో చివరి చరణం అక్కడే దింపారు, వెంట్రుకవాసి తేడా లేదు. అది నాకు ఆ రోజే వినపడింది. అయినా ఫోర్కు చెప్పిందే రాశాను."

"ఇప్పుడేం చేస్తారండి?"

"ఫ్రాన్సు నేను వెళ్లలేను. నాగాయలంకకు బస్సుంది."

తర్వాతి శనివారం పొద్దున్నే బయల్దేరాం. చల్లపల్లిలో బస్సు మారాం. కాలవ మీద మంచు ఇంకా విడిపోలేదు, గట్టు మీద మనుషులు నడుము నుంచి పైకి మాత్రమే కనిపిస్తున్నారు. ఆవిడ ఒళ్లో బ్యాటరీలతో నడిచే చిన్న టేపురికార్డరు, క్వయర్ సాధనలకు తీసుకెళ్లేది. దాని మీద చేతులు పెట్టుకుని నిద్రపోయారు. నిద్రలో ఆవిడ గొంతులో ఏదో సన్నగా మోగుతూ ఉంది. ఏ పాటో గుర్తుపట్టడానికి ప్రయత్నించాను, అవనిగడ్డ వచ్చేదాకా తెలియలేదు. పాట కాదది, ఒకే స్వరం. కింద ఉన్న స్వరం.

మార్తమ్మ ఇల్లు తేలిగ్గానే దొరికింది. ఆమె అరుగు మీద కూర్చుని ఎండు రొయ్యలకు తలలు గిల్లుతోంది. యాభై దాటిన మనిషి. భర్త యోసేపు గారు నులక మంచం బిగిస్తున్నాడు.

"నేను బందరు నుంచండి. దయామణిని. పోటీలకు మార్కులు వేసేదాన్ని."

"తెలుసండి" అంది మార్తమ్మ. "మర్చిపోయే మనిషా మీరు?"

యోసేపు గారు లేచి, "కూర్చోండమ్మగారూ. కొబ్బరినీళ్లు తాగుతారా?" అన్నాడు.

"నా మాట చెప్పనివ్వండి ముందు. విన్నాక కూడా ఇవ్వాలనిపిస్తే ఇద్దురుగాని."

నిలబడే చెప్పారు. మైకులో చదివిన మాట తనదేనని, అది తప్పని, వాళ్లు జారలేదని, తనకు ఆ రోజే తెలిసినా రాశానని. బడిలో పాఠం అప్పజెప్పినట్టు, ఒక మాట ఎక్కువ లేకుండా. మార్తమ్మ తల ఎత్తకుండా విన్నది.

"పైకెక్కే గొంతులు ఐదుండేవండి మాకు" అంది. "ఆడపిల్లలు. ఐదుగురూ ఆ నీళ్లలో పోయారు. మిగిలినోళ్లం ఎక్కడ కలిస్తే అక్కడ పెట్టుకున్నాం. నాలుగేళ్లు పట్టింది ఆ చోటు దొరకడానికి."

"ఆ సంగతి నాకు ఎవరూ..."

"మీరడిగారేంటండి?"

టీచరుగారు చేతిసంచీ నేల మీద పెట్టేశారు.

యోసేపు గారికి ఇబ్బందిగా ఉన్నట్టుంది. "దీనికోసం ఇంత దూరం రావాలాండీ? ఓ కార్డుముక్క రాస్తే పోయేది" అన్నాడు.

"కార్డు రాస్తే మీ ఆవిడకు నన్ను తిట్టే వీలుండదుగా."

"తిడదామనే ఉండేదండి" అంది మార్తమ్మ. "ఎన్ని మాటలు అట్టిపెట్టుకున్నానో. మీరేమో ఇలా ముసలైపోయి వచ్చారు." అప్పుడు మొదటిసారి మొహం పైకెత్తి కొంచెం నవ్వింది. "కూర్చోండి. ఇన్నేళ్లకు ఎలా తెలిసొచ్చింది మీకు?"

"ఒక ఫ్రెంచి పాట వల్ల. ఈ అమ్మాయి చదివి చెప్పింది."

"తెచ్చారా?"

టేపురికార్డరు అరుగు మీద పెట్టి రాణి పాట వేశారు. బ్యాటరీలు పాతవి. పాట ఉండాల్సిన దానికంటే ఇంకొంచెం కిందికి దిగింది. టీచరుగారి చేయి మీట దాకా వెళ్లి ఆగింది. మార్తమ్మ రొయ్యలు గిల్లుతూనే వింటోంది. ఆమె చేతులు ఆగలేదు. పాటతో పాటు నెమ్మదించి, పాట నడిచినట్టే నడిచాయి. టీచరుగారు నా వైపు చూశారు. చేయి ఆగాలన్న ఆవిడ పరీక్షలో దీనికి చోటు లేదు. సగం దాటాక మార్తమ్మ గొంతులోంచి సన్నగా ఒక స్వరం బయల్దేరింది, ఆ రాణి గొంతుకు అడుగున. నోరు తెరవలేదు. వాకిట్లో కోళ్లు తిరుగుతున్నాయి, యోసేపు గారు నులక చేతిలో పట్టుకుని నిలబడిపోయాడు. టేపు జారితే ఆమె కూడా దానితో పాటు జారింది, ఎక్కడా విడిపోలేదు.

"మొగుడి కోసమా ఏడుపు?" అని అడిగింది అయ్యాక.

"అవునండి. ఓడ ఇంకా రాలేదు" అన్నాను.

"ఏడుస్తున్నట్టు లేదమ్మా. చెబుతోంది. ఈవిడకి తొందర లేదు."

నేను ఉండబట్టలేక, "మళ్లీ పాడొచ్చు కదండీ మీరు" అన్నాను. అడగాల్సింది కాదు.

"పదేళ్లు మూసిపెట్టి ఇప్పుడు తియ్యమంటే గొంతు వస్తదా అమ్మా? కూనిరాగం దాకే" అంది మార్తమ్మ. కొబ్బరిబోండాలు తెమ్మని యోసేపు గారికి సైగ చేసింది.

పత్రికలో సవరణ అసలు సమీక్ష కంటే పెద్దదైంది. తాను ఎక్కడ, ఎందుకు పొరబడ్డారో రాసి, రాణి పాడినామె గురించి తన పాత మాట వెనక్కు తీసుకుని, "దివిసీమ గాయని ఒకరు ఆమెకు తొందర లేదన్నారు, ఆ తీర్పు నాదాని కంటే సరైనది" అని ముగించారు. గాయని ఎవరో పాఠకులకు తెలియదు గనక ఆ వాక్యం తీసేస్తానని సంపాదకుడు రాశాడు. అయితే కింద నా పేరు కూడా తీసేయండని ఆవిడ జవాబిచ్చారు. రెండూ ఉంచాడు. చదవని పేజీల సంగతి, నా సంగతి, అందులో ఎక్కడా లేవు. రాయమని అడిగితే, "దానికి నువ్వొక సమీక్ష రాసుకో, నీ వంతు వచ్చినప్పుడు" అన్నారు.

పోటీవాళ్లకు కూడా ఒక మాట చెప్పారు. ఇకనుంచి ప్రతి క్వయర్‌నూ పాడకముందు ఒక ప్రశ్న అడుగుతానని, ఒప్పుకుంటేనే వస్తానని. "మీరు ఎక్కడ పెట్టుకుంటారు?" క్వయర్ పెద్ద ఆ స్వరం పాడి చూపించాలి. ఆవిడ దాన్ని తాను కూడా ఒకసారి పాడి, ఆ తర్వాత మొదలెట్టమనేవారు. మొదటి యేడు కొందరు నవ్వారు. మరుసటి యేడు తేడా కనబడింది. గొంతు చించుకుని పైకెక్కేవాళ్లు తగ్గారు. రెండేళ్లకు మార్తమ్మ ఊరు మళ్లీ వచ్చింది. ఆమె పాడలేదు, వెనక బెంచీ మీద కూర్చుంది. మూడో బహుమతి వచ్చింది. సభ అయ్యాక ఆమె టీచరుగారి దగ్గరకు వచ్చి, "జాలిపడి వేశారాండీ మార్కులు?" అని అడిగింది.

"జాలిపడితే మొదటిదే ఇచ్చేదాన్ని. మీ మగవాళ్లు రెండో చరణంలో పరుగెత్తారు."

"పరుగెత్తారండి. చెప్పాను వెధవలకి" అంది మార్తమ్మ.

చివరి రెండేళ్లు టీచరుగారికి వినికిడి బాగా తగ్గింది. నేను వెళ్లినప్పుడు పాట పెడితే అరచేయి స్పీకరుకు ఆనించి కూర్చునేవారు. కింది స్వరాలు చేతికి బాగా తెలుస్తాయనేవారు. ఒక చలికాలం పొద్దున్నే, నిద్రలోనే పోయారు. సమాధి దగ్గర పాట ఎవరో చాలా పైన ఎత్తుకున్నారు. రెండో చరణానికి సగంమంది మానేశారు.

ఇప్పుడు నేను ఏ పుస్తకమైనా చివరి పేజీల నుంచి మొదలెడతాను. పరీక్ష పేపర్లు దిద్దినన్నాళ్లూ, తప్పనిపించిన జవాబు పక్కన సున్నా వేసేముందు, ఈ పిల్ల ఎక్కడి నుంచి మొదలెట్టిందని ఒకసారి వెనక్కు తిప్పి చూసేదాన్ని. అన్నిసార్లూ చూశానని చెప్పలేను. కొత్త రికార్డింగు రెండుసార్లు విన్నాను. రాణి పాడినామె మంచి గాయని, శ్రుతి పాతకాలానిదే. మూడోసారి విన్నాక రాస్తాను.

పోయిన యేడు బందరులో పోటీ చూడటానికి వెళ్లాను. వేదిక మీద ఒక కీబోర్డు పెట్టారు, పద్దెనిమిది క్వయర్లకూ అదే శ్రుతి ఇచ్చింది. పాడటానికి వచ్చినవాళ్లను ఇప్పుడు ఎవరూ ఏమీ అడగడం లేదు.